తీగ వెనక మూలుగు

మా అన్న పోయాక పిట్టకు పెట్టిన రోజు కాకి ముట్టలేదు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి కాకి కోసం ఎదురుచూడటం మా వాళ్ల ఆచారం. కాకి తింటే పోయినవాడు తృప్తిపడ్డట్టు, తినకపోతే వాడికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మటన్ కూర, గారెలు, ముంతలో కల్లు, అన్నకు ప్రాణమైన గడ్డపెరుగు అన్నీ పెట్టాం. జహనుమాలో మా బర్ల కొట్టం గోడ మీద కాకి కూచుని చూస్తోంది గానీ కిందికి దిగదు. ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు.

అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే మాట ఇవ్వాలి. బాపు దండం పెట్టి, "నీ బర్రెను అమ్మం కొడకా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కాకి కదల్లేదు. మా మేనమామ, "మీ అమ్మను మంచిగ చూసుకుంటంరా" అన్నాడు. కాకి ముక్కును గోడకు రాసుకుంది. ఆఖరికి అమ్మ నోట్లో కుక్కుకున్న కొంగు తీసి, "నీ గిటారు తమ్ముడు వాయిస్తడు కొడకా, దిగు" అంది. కాకి దిగింది. నేరుగా వెళ్లి పెరుగులో ముక్కు పెట్టింది.

తమ్ముడంటే నేనే. నన్ను అడిగినవాళ్లెవరు? బతికున్నన్నాళ్లు నాతో గడ్డి మోయించాడు, నీళ్లు తోడించాడు, చచ్చి కూడా నాకే పని పెట్టిపోయాడని ఆ ఏడుపులోనూ ఒళ్లు మండింది. కానీ కాకి ముందు ఇచ్చిన మాట తప్పే మొనగాడు మా గల్లీలో ఇంకా పుట్టలేదు.

ఆ గిటారును అన్న జుమ్మేరాత్ బజార్లో కొన్నాడు. ఒళ్లో పడుకోబెట్టి వాయించే రకం. కుడిచేతి వేళ్లకు తొడుగులు పెట్టుకుని తీగలు మీటాలి, ఎడమచేత్తో ఇనుప కడ్డీని వాటి మీద జార్చాలి. పాలమ్ముకునే ఇంట్లో ఇదేం పిచ్చి అని చుట్టాలు నవ్వేవారు. అన్న పట్టించుకునేవాడు కాదు. మధ్యాహ్నం కొట్టం పక్క గదిలో కూచుని వాయించేవాడు. వాయిస్తూ నోరు మూసుకునే, గొంతులో "మ్..." అని సన్నగా రాగం తీసేవాడు. అన్న వెనక గడప మీద కూచుని అమ్మ బియ్యం ఏరుతూ వినేది. మోతీజ్వరం వచ్చి అన్న పోయేదాకా అదే వాళ్లిద్దరి మధ్యాహ్నం.

అన్నకు నేర్పిన ఉస్తాద్ యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉండేవాడు. గిటారు చంకలో పెట్టుకుని వెళ్తే, ముసలాయన నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "యే తో దూద్ నికాల్నేకే హాతాం హై మియా!" అన్నాడు. నిజమే, పాలు పిండే చేతులే. వాటికి గట్టిగా పట్టి పిండటం ఒక్కటే తెలుసు. కడ్డీని అలాగే పట్టుకుంటే తీగ కిర్రుమని ఏడ్చేది.

పాలు పిండే ముందు మేం బర్రె చన్నులకు వెన్న రాస్తాం, వేళ్లు మెత్తగా జారతాయని. ఒకరోజు అదే తెలివితో తీగలకూ వెన్న రాశాను. కడ్డీ బ్రహ్మాండంగా జారింది. జారి నా మోకాలి చిప్ప మీద పడింది. తెల్లారేసరికి గిటారు నిండా చీమలు. ఉస్తాద్ ముందు నెత్తి కొట్టుకున్నాడు, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "నీకు గిటారెందుకురా, బర్రెనే ఒళ్ల పండవెట్టుకో" అన్నాడు. యుద్ధం రోజులవి, కొత్త తీగలు దొరకడం గగనం. ఇద్దరం కూచుని ఆ జిడ్డంతా గుడ్డతో తుడిచాం.

మీటడం ఎవడైనా మీటుతాడు. ఆపడమే కష్టం. ఒక తీగ మీటితే పక్క తీగలు ఊరుకోవు, అవీ వణుకుతాయి, రొద పుడుతుంది. కడ్డీ వెనక ఎడమచేతి వేళ్లు వాల్చి వాటిని ఆపాలి. కుడి అరచేతి అంచు ఆనించి మిగతావాటి నోరు ముయ్యాలి. ఉస్తాద్ ఎప్పుడూ ఒకటే మాట. "కొట్టిన తీగ ఎట్లన్న పలుకుతది. కొట్టని తీగను చూస్కో. సాఫ్ బజావ్!" వేళ్లు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాక నా చేతులు దారికొచ్చాయి. ఉస్తాద్ ఇంట్లో వాయిస్తే మచ్చలేకుండా వచ్చేది.

మా ఇంట్లో మాత్రం అలా రాలేదు.

సన్న తీగ మీద కడ్డీని పైదాకా జార్చి, స్వరాన్ని కాసేపు నిలబెట్టి ఆపేసేవాణ్ని. తీగ ఆగేది. దాని వెనకే, ఎక్కణ్నుంచో, "మ్..." అని సన్నటి మూలుగు. మొదటిసారి నా వేళ్ల తప్పే అనుకున్నాను. మళ్లీ మీటి, అన్ని తీగల మీదా అరచేయి పరిచాను. అయినా వచ్చింది. పక్కన కొట్టంలో బర్రెలు నెమరు వేయడం ఆపాయి. అచ్చం అన్న గొంతే.

వెనక గడప మీద కూచున్న అమ్మ, "విన్నవా బిడ్డా? అన్న పలికిండు" అంది.

అన్న పోయినప్పటి నుంచి అమ్మ సరిగ్గా తిన్నది లేదు. హకీం మందులు, దర్గా తాయెత్తు, మైసమ్మ మొక్కు, ఏదీ పనిచేయలేదు. చీరకట్టిన కట్టెలా అయిపోయింది. ఇవాళో రేపో అని చుట్టాలు గుసగుసలాడుకునేవారు. అలాంటిది ఆ మధ్యాహ్నం తనే లేచి వెళ్లి అన్నం పెట్టుకుని తిన్నది. బాపు అది చూసి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఇక అదే పద్ధతి అయింది. మూలుగు వినిపించిన రోజు తింటుంది. పాలు పోసి రావడం ఆలస్యమై నేను వాయించకపోతే కంచం ముట్టదు. "వాడు పలకలే గద బిడ్డా" అంటుంది. గిటారు ఒళ్లోకి తీసుకోవాలంటే నాకు ప్రాణం పోయేది. తీసుకోకపోతే అమ్మ ప్రాణం పోయేట్టుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాపు గిటారు చప్పుడు వినగానే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. తప్పించుకునే దారి లేనిది నాకొక్కడికే.

ఉండబట్టలేక ఉస్తాద్‌కు చెప్పాను. "దయ్యం లేదు గియ్యం లేదు. ఇంట్ల గిన్నెలు మోగుతుండొచ్చు, పా చూద్దాం" అని వచ్చాడు. గూట్లో ఇత్తడి బిందెలు, పాలచెంబులు వరసగా బోర్లించి ఉన్నాయి. అన్నీ వాకిట్లో పెట్టించాడు. గోడకున్న గంట కూడా తీయించాడు. నాకెదురుగా చాప మీద కూచుని, "ఇగ కొట్టు" అన్నాడు. అమ్మ ఎప్పటిలాగే నా వెనక గడప మీద చేటతో కూచుంది.

కొట్టాను. తీగ ఆగింది. "మ్..." అని వచ్చింది.

"ఫిర్ సే" అన్నాడు. మళ్లీ కొట్టాను. ఈసారి ఉస్తాద్ ముందుకు వంగి తన రెండు అరచేతులూ తీగల మీద అదిమిపెట్టాడు. గిటారు చచ్చినట్టు ఊరుకుంది. మూలుగు ఆగలేదు. ఆయన ముఖం తెల్లబడింది. ఆయన చూపు గిటారు మీద లేదు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. నేనూ తిరిగి చూశాను.

అమ్మ కళ్లు మూసుకుని ఉంది. పెదాలు గట్టిగా కలిసి ఉన్నాయి. గొంతు దగ్గర ముడతపడ్డ చర్మం సన్నగా అదురుతోంది. కాసేపటికి అదురు ఆగింది. మూలుగూ ఆగింది.

అమ్మ కళ్లు తెరిచి, ముఖమంతా నవ్వుతో, "విన్నవా బిడ్డా?" అంది.

ఆ కళ్లలో నటన లేదు. ఆమెకు తెలియదు. దయ్యమని భయపడ్డ రోజులే నయమనిపించింది నాకు. "అమ్మా, అది నువ్వే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చేతి ఎముకలు చూశాను.

"విన్న" అన్నాను.

"ఉస్తాద్ సాబ్, మీరు?"

"హౌ అమ్మా, విన్న" అన్నాడాయన. అమ్మ అన్నం తినడానికి లోపలికి వెళ్లింది. గల్లీ చివరిదాకా సాగనంపితే ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి సాఫే ఉన్నది బేటా. ఇగ నేను నేర్పేది లేదు. రోజూ వాయించు" అని వెళ్లిపోయాడు.

రోజూ వాయించాను. నాకు పెళ్లయింది, నా భార్య ఇంటికొచ్చింది, యుద్ధం అయిపోయింది, కొత్త తీగలు దొరికాయి. అమ్మ రోజూ "విన్నవా?" అనేది. నేను రోజూ "విన్న" అనేవాణ్ని. ఆ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు.

ఒక ఎండాకాలం అమ్మ నిద్రలోనే పోయింది. పిట్టకు పెట్టిన రోజు విస్తరి కింద పెట్టీపెట్టకముందే కాకి వాలింది. ఎవరూ ఏ మాటా ఇవ్వాల్సిన పని పడలేదు. నా పని తీరిందనుకుని గిటారుకు గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాను.

కానీ మధ్యాహ్నమైతే చేతులు ఊరుకునేవి కావు. ఒకరోజు దించి, దుమ్ము తుడిచి, పాత చోటే కూచున్నాను. నా భార్య ఎదురుగా బియ్యం ఏరుతోంది. వెనక గడప ఖాళీగా ఉంది. సన్న తీగ మీద కడ్డీని పైదాకా జార్చి, నిలబెట్టి, ఆపాను.

తీగ ఆగింది. దాని వెనకే "మ్..." అని వచ్చింది.

కొట్టంలో బర్రెలు నెమరు ఆపాయి. నాకు భయం వేయలేదు. ఎంత సంతోషమో చెప్పలేను, కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నా ఉన్నాడు, అమ్మా ఉంది, ఎక్కడికీ పోలేదు అనుకున్నాను.

"విన్నవా?" అని అడిగాను.

నా భార్య చేతిలోని బియ్యం చేటలోకి జారిపోయాయి. ఆమె గడపవైపు చూడలేదు, గిటారువైపు చూడలేదు. నా గొంతువైపే చూస్తోంది. మెల్లగా, "విన్న" అంది.