దిగొద్దన్న నర్సు

మక్తల్ కూలీల బిడ్డ శ్రీదేవి, కృష్ణా నదిపై ఒక డ్యామ్ దగ్గర డైవర్లను చూసుకునే నర్సు. ఒకరోజు నలభై మీటర్ల లోతున గేటు బాగుచేస్తున్న విజేందర్‌కు గాలి అందించే గొట్టం తెగింది. మధ్యమధ్య ఆగుతూ రావాల్సినవాడు ఒక్క ఊపున పైకి తేలాడు.

"నాకేం కాలే అక్కా. మళ్ల దిగి, ఆగుకుంట వస్త."

"దిగొద్దు తమ్మీ. ఒక్కసారే పైకొచ్చినవు, నెత్తురుల బుడగలు పుడుతయి. గిట్లనే పండుకో."

వెల్లకిలా పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టింది. సూపర్‌వైజర్ విసుక్కున్నా వినకుండా, గాలి ఒత్తిడి పెంచి ఆ బుడగలను కరిగించే పీడన చికిత్స గది ఉన్న దవాఖానకు అంబులెన్సులో తీసుకెళ్లింది. దారిలోనే అతనికి భుజం నొప్పి మొదలైంది, కాళ్లు తిమ్మిరెక్కాయి.

నాలుగో రోజు విజేందర్ నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

మరుసటి వారం డ్యామ్ చూడవచ్చిన గురవయ్య, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకటే మాట చెప్పాడు: "నేను శ్రీదేవి నాయినను."