పాతపాళ్యానికి పారిపోయిన అక్కచెల్లెళ్ళు

అమ్మ పోయిన పదకొండో రోజున మేనమామ పురుషోత్తమ్ వినుతనూ చైత్రనూ జంగమకోటె దగ్గర పట్టునూలు తీసే షెడ్డులో దింపి వెళ్ళాడు. వినుతకు పన్నెండేళ్ళు, చైత్రకు ఎనిమిది. "శాలెకు పంపిస్తారంట, మూడు పూట్లా ముద్ద పెడతారంట" అన్నాడు. ముద్ద పెట్టారు. బడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మరిగే నీళ్ళలో తేలే పట్టుగూళ్ళను వేళ్ళతో కదిలించి దారం కొస పట్టుకోవాలి. నీళ్ళు చల్లారితే కొస దొరకదు కాబట్టి చల్లారనిచ్చేవారు కాదు. చచ్చిన పురుగుల కంపు జుట్టుకూ, తినే ముద్దకూ పట్టేది. నాలుగు నెలలకు వినుత వేళ్ళ సందులు చీలి చీము పట్టాయి. చైత్ర వేళ్ళు సన్నవి, చురుకైనవి. యజమాని లక్ష్మణప్ప ఆ పిల్లను మెచ్చుకునేవాడు. మెచ్చుకున్న రోజే ఇంకో బుట్ట గూళ్ళు ముందర పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం చైత్ర కునికిపాటు పడి, చెయ్యి మణికట్టు దాకా మరిగే నీళ్ళలోకి జారింది. కేకకు పరుగెత్తుకొచ్చిన లక్ష్మణప్ప ముందు తెగిన దారం చూశాడు, ఆ తర్వాత చెయ్యి చూశాడు. పాతపాళ్యలో అమ్మను కన్న అవ్వ ఉంది, అక్కడికి పోవాలని వినుత అప్పుడే అనుకుంది.

మరుసటి పొద్దున యజమాని గూళ్ళ మార్కెట్‌కు పోగానే ఇద్దరూ వెనక గోడ దూకారు. టమాటా బాక్సుల టెంపోలో చింతామణి చేరి, చేలూరు బస్సెక్కారు. ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు అక్కర్లేదని వినుత విన్నది గాని, దానికి కార్డు చూపించాలని తెలీదు.

"ఆధార్ యాడమ్మా?" అన్నాడు కండక్టరు.

"లేదప్పా."

"అట్లయితే దిగండి."

కెంచార్లహళ్ళి దగ్గర దిగి నడక మొదలుపెట్టారు. కాలిన చేతికి గుడ్డ చుట్టుకొని, గుట్టల వెంబడి రెండో చేత్తో సీతాఫలాలు కోసుకు తింటూ, తొండల్ని తరుముతూ చైత్ర ఆ పూటంతా నవ్వుతూనే ఉంది. మధ్యాహ్నం దాహానికి ఒక టమాటా తోటలో డ్రిప్పు పైపుకు నోరు పెట్టారు. తోటాయన కట్టె పట్టుకొని వచ్చాడు.

"పైపులు కోస్తాండారా, దొంగముండల్లారా!"

వినుత చెల్లెలి మీద బోర్లా పడింది. దెబ్బలన్నీ ఆమె వీపే కాసింది.

రెండో రోజు సాయంత్రానికి పాతపాళ్య చేరారు. అవ్వ అక్కయమ్మ ఇద్దర్నీ వాటేసుకొని ఏడ్చింది. కాళ్ళు కడిగి, రాగి ముద్ద, ఉలవచారు పెట్టింది. తిన్నాక మెల్లగా అంది: "మీ మామకు చెప్పల్ల తల్లీ. ఆయప్ప కూడు తినేదాన్ని నేను."

తెల్లారి పురుషోత్తమ్ వెంట లక్ష్మణప్ప కారు వచ్చింది. లక్ష్మణప్ప వినుత చేతులు రెండూ తిప్పి చూసి వదిలేశాడు.

"ఇది నాకొద్దు. చిన్నదాని చెయ్యి మానుతాది, దాన్ని ఎక్కించు."

వినుత చెల్లెల్ని గట్టిగా పట్టుకోవాలనుకుంది. వేళ్ళు ముడుచుకోలేదు. మామ ఒక్క గుంజు గుంజాడు. చైత్ర "అక్కా, అక్కా" అని అరుస్తూనే ఉంది. అవ్వ గోడవైపు తిరిగి నిలబడింది.

మూడేళ్ళు మామ మేకల్ని కాసింది వినుత. పదహారో ఏట ఎవరికీ చెప్పకుండా జంగమకోటె వెళ్ళి షెడ్డులోకి నడిచింది. చైత్ర వీపు వంగిపోయి ఉంది.

"రా చెల్లీ, పోదాము."

చైత్ర తల తిప్పలేదు. "మళ్ళా యాడికి? పోయిన తూరి నీ వెంట వచ్చినందుకు నెల దినాలు నా కాలు కట్టేసి పని చేపించినారు. నువ్వు అవ్వ పెట్టే ముద్ద తింటా ఉంటివి. పో."

వినుత అక్కడే నిలబడిపోయింది. మేస్త్రీ వచ్చి, పని కావాలా అని అడిగాడు. ఆమె తలూపింది.

ఇప్పుడామెకు పంతొమ్మిదేళ్ళు. దారం తీసేశాక మిగిలిన పురుగుల్ని తట్టకెత్తి బయట పోస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకుంటారు. చైత్ర ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు.