మోటార్ల మేస్త్రి గారు చుట్టిన పికప్

పోయిన సోమవారం కాలిపోయిన మోటారు ఒకటి ఆటోలో ఏలూరు పంపాను. మధ్యాహ్నానికి అదే ఆటోలో అదే మోటారు తిరిగొచ్చింది. ఆటో అతను దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మేస్త్రి గారు పోయారంటండి. శనివారమంట. షాపు మూసేసుంది. పక్కన టైర్ల కొట్టాయన చెప్పాడు" అన్నాడు. మోటారు ఇంకెక్కడికైనా తీసుకెళ్లాలా అని అడిగాడు. నాకు ఏ పేరూ తోచలేదు. తొమ్మిదేళ్లుగా కలిదిండి చెరువుల మీద సూపర్‌వైజరుగా ఉన్నాను. మోటారు కాలితే ఎక్కడికి పంపాలని ఆలోచించే అవసరం ఒక్కసారీ రాలేదు.

కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులున్నవాళ్లకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్లకోసం చెబుతున్నాను. ఏలూరులో కాలవ గట్టున, కాలిన మోటార్లకి రాగి తీగ మళ్లీ చుట్టే ఒంటి షట్టరు షాపు. ముందు వరసగా విప్పిన మోటారు గుల్లలు, లోపల రాగి తీగల చుట్టలు, వార్నిష్ వాసన. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి షట్టరు సగం దించి వెళ్లేవారు. అప్పుడు వచ్చినవాళ్లు మోటారు బయట దించి, దానిమీదే కూర్చుని ఎదురుచూసేవాళ్లు. నలభై ఏళ్లు మోటార్ల మధ్య ఉండి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. అయినా మోటారులో తప్పు పట్టేది వినే. చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు కొన మోటారు మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకి నొక్కి, కళ్లు మూసుకునేవారు. చూసేవాళ్లకి ఆయన మోటారుతో ఫోన్ మాట్లాడుతున్నట్టుండేది. తర్వాత "వెనక బేరింగు" అనో, "ఒక కాయిల్ చచ్చింది" అనో చెప్పేవారు.

ఆయనకి ఇంకో అలవాటుంది. చుట్టిన ప్రతి మోటారులోనూ, వైర్లు బిగించే చిన్న పెట్టెలో, ఒక చీటీ మడిచి పెట్టేవారు. అందులో తీగ గేజు, అంటే ఎంత లావు తీగో, చుట్ల లెక్క, చివర 'కారణం' అని రాసి, మోటారు ఎందుకు కాలిందో ఒక ముక్క. కారణం: నీళ్లు దిగాయి. కారణం: ఒక ఫేజు పోయింది. కారణం: ఎలక. మిగతా వైండింగు షాపులవాళ్లు ఇదేం తెలివని నవ్వేవాళ్లట. తన లెక్క తనే పక్కవాడి చేతికి ఇస్తున్నాడని. ఒకసారి నేనూ అడిగాను. "ఏదో ఒకరోజు ఎవడో ఒకడు విప్పుతాడు కదా బాబూ. వాడు మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టుకోవాలా?" అన్నారు.

నేను రాయాలనుకున్నది మాత్రం మోటార్ల గురించి కాదు.

మాది ఉంగుటూరు దగ్గర పల్లె. గిటారు చర్చిలో నేర్చుకున్నాను. తర్వాత విజయవాడలో ఒకాయన దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. తాడేపల్లిగూడెంలో ఇద్దరు స్నేహితులు దొరికారు, ఒకడు డ్రమ్స్, ఒకడు బేస్. డ్రమ్స్ వాయించేవాడి మేనమామకి ఉల్లిపాయల గోడౌను ఉండేది. సరుకు లేని ఆదివారాలు అక్కడ హెవీ మెటల్ వాయించేవాళ్లం. తెలియనివాళ్లకి ఆ సంగీతం గురించి చెప్పడం కష్టం. గిటారు శబ్దాన్ని ఒక చిన్న పెట్టెలోంచి పంపి, కావాలనే చిరిగిపోయేట్టు చేస్తారు. తీగల్ని అరచేతి అంచుతో అణిచి కొడతారు. కొట్టడం ఎంత ముఖ్యమో, టక్కున ఆగడం అంత ముఖ్యం. ఆగినచోట ఏమీ వినపడకూడదు.

నా గిటారు అక్కడే ఈల వేసేది. చెయ్యి పెట్టి తీగలన్నీ ఆపినా కీచుమని సాగేది. బేస్ వాయించేవాడు "ప్రెషర్ కుక్కర్ దింపరా, ఉడికింది" అనేవాడు.

ఆరేళ్ల కిందట తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్లు వార్షికోత్సవంలో మూడు పాటలు వాయించమన్నారు. మాకు అదే మొదటి అవకాశం. చివరిది కూడా అని మాకు తెలుసు. డ్రమ్స్ వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, ఆ వారంలోనే వెళ్లిపోతున్నాడు. ఉన్నది ఒక్క గిటారు. అది ఈల వేస్తే అంతే.

తప్పు పికప్‌ది అన్నారు తెలిసినవాళ్లు. పికప్ అంటే తీగల కింద ఉండే వేలెడంత నల్లటి దిమ్మె. మార్చి కొత్తది వెయ్యాలి. ఏది వెయ్యాలి? గూడెంలో ఇంటర్నెట్ సెంటరుకెళ్లి నాలుగు కాగితాలు ప్రింటు తీయించాను. సిరామిక్ అయస్కాంతం ఉన్నవి, అల్నికో ఉన్నవి, ఎనిమిది వేల ఓమ్‌లవి, పదహారు వేల ఓమ్‌లవి. మెటల్‌కి పదహారు వేలదే సరైనదని ఒక కాగితం, అది మొద్దుగా మోగుతుందని ఇంకో కాగితం. చెన్నై షాపులో ఆర్డరిస్తే నెల పడుతుంది. మా ప్రోగ్రాముకి అయిదు వారాలుంది.

ఆ రోజు మోటారు ఇవ్వడానికి ఏలూరు వెళ్లినప్పుడు కాగితాలు నా చేతిలో ఉన్నాయి. అవేంటని మేస్త్రి గారు అడిగారు. చెప్పాను. రాగి కాయిల్, అయస్కాంతం అనే మాటలు వినగానే చేతిలో పని పక్కన పెట్టారు. "ఎక్కువ ఓమ్‌లున్నది గట్టిగా మోగుతుందంటున్నారండి" అన్నాను.

"చుట్లు పెంచినా ఓమ్‌లు పెరుగుతాయి, తీగ సన్నం చేసినా పెరుగుతాయి. వీడు ఏది పెంచాడో రాశాడా?"

కాగితాలు తిరగేశాను. రాయలేదు.

"మరి ఆ అంకె చూసి ఏం కొంటావు? నీది పట్రా, చూద్దాం."

ఆదివారం గిటారు, శబ్దాన్ని చించే పెడల్ పెట్టె, చిన్న యాంప్లిఫయరు మోసుకుని వెళ్లాను. వాయించమన్నారు. వాయించాను. ఆయన యాంప్లిఫయరు మీద అరచెయ్యి పెట్టి విన్నారు. మా నాన్న ఆ శబ్దాన్ని బేరింగు పోయిన రైసుమిల్లు అనేవాడు. మేస్త్రి గారూ అలాంటిదే అంటారనుకున్నాను. "పాడైన మోటారు ఆపినా మూలుగుతూనే ఉంటుంది. నువ్వు ఆపితే చాలావరకు ఆగుతోంది. అంటే నువ్వు కావాలనే చేస్తున్నావన్నమాట" అన్నారు. ఆ సంగీతం గురించి అంత సరిగ్గా అర్థం చేసుకుని మాట్లాడిన పెద్దవాళ్లు నాకు ఇంకెవరూ తగల్లేదు.

పికప్‌ విప్పి చూస్తే లోపల పక్కపక్కన రెండు కాయిల్స్ ఉన్నాయి. ఒకటి ఇటు చుట్టి, ఇంకోటి అటు చుట్టి ఉంది. రెండెందుకని చాలాసేపు చూశారు. తర్వాత ఆయనలో ఆయనే నవ్వుకున్నారు. షాపులో మోటార్లు తిరుగుతున్నా గిటారులోకి కరెంటు గుర్రు రాకపోవడం ఆయన గమనించారు. "బయటి గోల ఇద్దరికీ ఒకేలా వినపడుతుంది. ఒకడు అవునంటాడు, ఒకడు కాదంటాడు. గోల అక్కడే చస్తుంది. తీగ మోగితే మాత్రం ఇద్దరూ అవునంటారు. ఎవడో గాని బుద్ధిమంతుడు."

తర్వాత స్క్రూడ్రైవరు పిడితో పికప్ మీద తట్టారు. యాంప్లిఫయరులోంచి టక్ టక్ అని వచ్చింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తీగ కదిలితే కదా మోగాలి, తడితే ఎందుకు మోగింది? ఇంకోసారి తట్టారు. "ఇది కన్ను. తీగ ఆడటం చూడాలి, అంతే. ఇది చెవి పని కూడా చేస్తోంది. లోపల కాయిల్ వదులుగా ఉండి కదులుతోంది. స్పీకరు అరుపు మళ్లీ ఇదే విని మళ్లీ అరుస్తోంది." కొత్తది కొనక్కర్లేదని, కాయిల్ బిగిస్తే చాలని చెప్పారు. నేను చెన్నైకి ఆర్డరు ఇవ్వలేదు.

నలభై ఏళ్లలో ఆయన కాయిల్ బిగించిన పద్ధతి ఒక్కటే. వార్నిష్‌లో ముంచడం, బల్బులు పెట్టిన రేకు పెట్టెలో ఆరబెట్టడం. మోటారు కాయిల్‌కి అదే పద్ధతి. ఇనుములో కూర్చున్న తీగకి ఆ వేడి ఒక లెక్క కాదు. పికప్ కాయిల్ కూర్చున్నది పల్చటి ప్లాస్టిక్ మీద. మర్నాడు పెట్టె తెరిస్తే అది ఎండకి పెట్టిన అప్పడంలా వంకర తిరిగి ఉంది. తీగ లోపలెక్కడో తెగింది. మీటరు ముల్లు కదల్లేదు.

ప్రోగ్రాముకి అప్పటికి నాలుగు వారాల లోపే ఉంది. చెన్నై నుంచి ఏదీ అందదు. "తెలియని పని ఎందుకు ముట్టుకున్నారండీ?" అన్నాను. అంతకన్నా పెద్ద మాట అనలేదు గానీ, అన్న తీరు బాలేదు. ఆయన పాడైన పికప్ నాకు తిరిగివ్వకుండా జేబులో వేసుకున్నారు. గూడెంలో బేస్ వాడు "చేపల చెరువు మోటారు మెకానిక్‌కి ఇచ్చావా? చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు పెట్టి పంపలేదు, సంతోషించు" అన్నాడు. డ్రమ్స్ వాడు డ్రమ్స్ మీద గుడ్డ కప్పేశాడు.

నాలుగో రోజు షాపుకి రమ్మని కబురొచ్చింది. వెళ్లేసరికి బల్ల మీద నాలుగు పాత నల్ల టెలిఫోన్లు విప్పి ఉన్నాయి. ఊళ్లో అందరూ సెల్‌ఫోన్లు కొంటున్న రోజులు, పాత సామాన్ల కొట్లో అవి కుప్పగా పడి ఉండేవి. ఫోన్ గంట మోగించే కాయిల్‌లో ఉండే తీగ వెంట్రుకకన్నా సన్నం. మోటార్ల షాపులో అంత సన్న తీగ ఉండదు. అది ఎక్కడ దొరుకుతుందా అని ఆయన మూడు రోజులు ఆలోచించారట. ఆ గంటల కాయిల్స్ విప్పి, మోటార్లలో వాడే ఫైబర్ షీటు కోసి రెండు చిన్న చట్రాలు చేసి, పాడైన పికప్‌లోని అయస్కాంతం పెట్టి, మోటారు స్టార్టర్ల కాయిల్స్ చుట్టే చేతి మిషను మీద చుట్టడం మొదలుపెట్టారు.

"గట్టిగా కావాలా, తేటగా కావాలా?" అని అడిగారు.

"రెండూ కావాలండి."

"రెండూ అంటే కుదరదు. చుట్లు పెంచితే గట్టిగా ఉంటుంది, మసగ్గా ఉంటుంది. తగ్గిస్తే తేట పడుతుంది, బలం పోతుంది. ఎక్కడ ఆగాలో నువ్వు చెప్పు. చేతులు నావి, చెవులు నీవి. పైస్థాయి శబ్దాలు నాకు వినపడి పదేళ్లయింది."

మొదట ఎక్కువ చుట్టారు. బలంగా ఉంది గానీ, దుప్పటి కింద నుంచి మాట్లాడినట్టుంది. విప్పి, రెండింట్లోనూ కొన్ని చుట్లు తగ్గించారు. మళ్లీ బిగించాం, వాయించాను. మళ్లీ తగ్గించారు. ప్రతిసారీ ఆయన నా వేళ్లు కాదు, నా మొహం చూసేవారు. మూడోసారి నేను ఏదీ చెప్పకముందే "ఇదే" అన్నారు. ఎలా తెలిసిందని అడిగాను. "నువ్వు వాయించడం ఆపలేదుగా" అన్నారు.

ఇంక కాయిల్ లోపల కదలకుండా బిగించడం మిగిలింది. వార్నిష్ డబ్బా వైపు ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. తక్కువ వేడికి కరిగి, చల్లారితే గట్టిపడేది ఏముంది అని అడిగారు. మా చర్చిలో క్రిస్మస్‌కి వాడిన కొవ్వొత్తుల ముక్కలు ఒక డబ్బా నిండా ఉండేవి. తెచ్చి ఇచ్చాను. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, మైనం కరిగించి, పికప్‌ని దారం కట్టి అందులో దించారు. లోపలి గాలి బుడగలుగా పైకి వచ్చింది. బుడగలు ఆగేదాకా ఆయన స్టవ్ ముందు పీట మీద కూర్చుని కదల్లేదు. చల్లారాక వైర్లు కలిపి స్క్రూడ్రైవరు పిడితో తట్టారు. యాంప్లిఫయరులో చప్పుడు లేదు. గిటారులో ఆయనే బిగించారు. నేను ఆ లోపు టీ తేవడానికి వెళ్లాను.

కాలేజీ ప్రోగ్రాముకి ఆయన గూడెం బస్సులో వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీల్లో కూర్చోకుండా స్పీకరు పెట్టె పక్కన నిలబడి, దానిమీద అరచెయ్యి పెట్టారు. రెండో పాటలో ముగ్గురం ఒక్కసారిగా ఆగే చోటుంది, నాలుగు లెక్కల మౌనం. ఆగాం. ఆవరణ చివర ఎవరో పిల్లాణ్ణి పిలుస్తున్న మాట వినపడింది. మళ్లీ అందుకున్నాం. దిగాక ఆయన దగ్గరికి వెళ్తే ఒక్కటే మాట అన్నారు, "ఆగిందయ్యా."

తర్వాత మేం ఆ సంగతి ఎక్కువ మాట్లాడుకోలేదు. మూడేళ్ల కిందట ప్రభుత్వం కొల్లేటిలో చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆయనకి పని బాగా తగ్గింది. ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే "నీ కన్ను ఎలా ఉంది?" అని అడిగేవారు. బాగుందండి అనేవాణ్ణి. ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. మోటార్ల మధ్య, సగం చెవితో ఉన్న మనిషికి గట్టిగా అరిచి చెప్పే మాట కాదది. అలా ఉండిపోయింది.

తిరిగొచ్చిన మోటారు బుధవారం భీమవరం పంపాను. సాయంత్రం అక్కడి వైండింగు ఆయన ఫోన్ చేశాడు. "ఏవండీ, లోపల ఎవరిదో చీటీ ఉందండి. చుట్లు, గేజు అన్నీ రాసున్నాయి. రేపే ఇచ్చేస్తాను" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక గిటారు తీశాను. ఆరేళ్లలో తీగలు మార్చాను గాని, పికప్ విప్పలేదు. నాలుగు స్క్రూలు తీసి పైకెత్తితే, కింద చెక్క గుంటలో మైనం మరకలతో ఒక చీటీ నాలుగు మడతలుగా ఉంది. అయిదో తరగతి దాకా చదివిన చేతిరాత, పెన్సిలు. టెలిఫోన్ గంట తీగ అని రాసి ఉంది. చుట్ల లెక్క రెండుసార్లు కొట్టేసి, మూడోది ఉంచారు. అన్నిటికన్నా కింద, మోటారు చీటీల్లో లాగే, ఒక ముక్క.

కారణం: పాతది నేను వార్నిష్ పెట్టి పాడుచేశాను. దీనికి మైనం పెట్టాలి.

చదివి, ఉన్న మడతల మీదే మడిచి, ఉన్నచోటే పెట్టి, పికప్ దాని మీద దించి నాలుగు స్క్రూలూ బిగించాను. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు విప్పుతారు.