నీళ్ల బాబాయ్

నీళ్ల బాబాయ్ దృష్టిలో మనుషులు రెండు రకాలు: నీళ్లు తాగినవాళ్లు, తాగాల్సినవాళ్లు. మొదటి రకం వాళ్లు కూడా కాసేపటికల్లా రెండో రకంలోకి వచ్చి పడతారు కాబట్టి ఆయనకు ఎప్పుడూ చేతినిండా పనే.

ఆయనకు జీతమిచ్చేది మాత్రం ఇందుకు కాదు. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో కంప్యూటర్లూ, వాటిని కలిపే తీగలూ ఆయన బాధ్యత. పై అంతస్తులో, మెట్ల పక్కన, ఎప్పుడూ చలిగా ఉండే గాజు తలుపుల గది ఆయనది. ఆయన అక్కడ నంబరు నొక్కితే కింద హాల్లో ఎవరో ఒకరి బల్ల మీద ఫోను మోగుతుంది. హలో అనేలోపే హుకుం జారీ అయిపోతుంది.

"లే. స్క్రీన్ లాక్ చెయ్. నీళ్లు తాగిరా."

"ఇప్పుడే తాగొచ్చాను బాబాయ్."

"అది ఇందాకటి దాహానికి. ఇప్పటి దాహం సంగతేంటి?"

"కస్టమరు లైన్లో ఉన్నాడు బాబాయ్! పాపం లిఫ్టులో ఇరుక్కుపోయాడు!"

"ఎక్కడికీ పోలేడుగా. లాక్ చేసి, తాగిరా."

ఎవరితోనైనా వాదించవచ్చు గానీ దాహం గురించి ఆయనతో వాదించలేం. ఆఫీసు మొత్తానికి అక్షరాలా మూడు చెరువుల నీళ్లు తాగించాడు. పని చేస్తున్నవాళ్ల కంటే బాత్రూము ముందు నిలబడ్డవాళ్లే ఎక్కువగా కనిపించేవారు. తన కిడ్నీలు చూసి డాక్టరు ముచ్చటపడ్డాడని అకౌంటెంటు గర్వంగా చెప్పుకునేవాడు.

అమ్మకాల విభాగంలో ఒకాయన తెలివి చూపించబోయాడు. ఇంటి నుంచి పెద్ద సీసా తెచ్చి బల్ల మీదే పెట్టుకున్నాడు. బాబాయ్ స్వయంగా దిగొచ్చి దాన్ని పట్టుకుపోయాడు. "సీసా నీళ్లు నీళ్లే కావు. లేవాలి, నడవాలి, వంచుకుని తాగాలి. అప్పుడే ఒంటికి పడతాయి." మర్నాడు ఆ సీసాలో మనీప్లాంటు దర్శనమిచ్చింది. ఇంత వైద్యం తెలిసిన మనిషి మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీతోనే బతికేవాడు. ఆయన గుక్కెడు నీళ్లు తాగగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు.

"మీరు తాగరేం బాబాయ్?" అని కొత్తమ్మాయి ఒకసారి అడిగింది.

"నాకు దాహం వెయ్యదమ్మా. వేయించడం వరకే నా పని."

ఫిర్యాదుల సీట్లో చేరి నెలలు గడుస్తున్నా ఆమె అందరికీ ఇంకా కొత్తమ్మాయే. ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకా పేరు మారదు. అవుతుందో లేదోనన్న బెంగ ఆమెకు రెట్టింపు, ఎందుకంటే ఆమెకిప్పుడు మూడో నెల. అంతకుముందు ఆ సీట్లో కూర్చున్నావిడ ఇలాంటి శుభవార్తే నమ్మకంగా చెప్పుకుంటే, మేనేజరు ఎంతో ఆప్యాయంగా "విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు. ఆవిడ ఇప్పటికీ విశ్రాంతిలోనే ఉంది.

మేనేజరు నోరు తెరిస్తే "మనమంతా ఒకే కుటుంబం" అనేవాడు. ఈ మాట చెప్పే చోట ఉద్యోగంలో చేరేముందు, ఆ కుటుంబంలో అత్తగారెవరో కోడలెవరో కనుక్కోవడం మంచిది.

కొత్తమ్మాయికి అసలు అత్తగారు వేరే ఉన్నారు. కిందటిసారి కోడలికి వికారంగా ఉందనగానే ఆవిడ వీధి వీధంతా చాటింపు వేశారు. అది ఉత్త అజీర్తి అని తేలాక పరామర్శలకు వచ్చినవాళ్లకు కాఫీలు ఇవ్వలేక కొత్తమ్మాయి చేతులు పడిపోయాయి. అందుకే ఈసారి భార్యాభర్తలిద్దరే గుట్టుగా దాచుకున్నారు. తెలుసుకోవాల్సినవి మాత్రం బోలెడున్నాయి. ఏం తినాలి, ఏం తినకూడదు, ఈ కళ్లు తిరగడం మామూలేనా? ఇంటికెళితే ఆమె ఫోను అత్తగారి సీరియళ్లకు అంకితం. బస్సులో తెరిస్తే పక్క సీటావిడ కళ్లద్దాలు సవరించుకుని మరీ చదువుతుంది. ఆఫీసులో సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గరి అరలో పెట్టి రావాలి. ఇక మిగిలింది ఆఫీసు కంప్యూటరు ఒక్కటే. దాన్ని మూలకు తిప్పుకుని, వీపు గోడకు ఆనించి కూర్చుంటే లోకంలో తనను చూసేవాళ్లెవరూ లేరనిపించేది.

ఒక మధ్యాహ్నం ఆమె అలాగే కూర్చుని, మూడో నెలలో బిడ్డ ఎంత ఉంటుందో చదువుకుంటోంది. పక్కనే నిమ్మకాయ బొమ్మ కూడా వేశారు. ఫోను మోగింది.

"లే. స్క్రీన్ లాక్ చెయ్..."

"ఇప్పుడు కాదు బాబాయ్. కళ్లు తిరుగుతున్నాయి."

"తిరిగితే తిరిగాయి, ముందు లాక్ చెయ్ తల్లీ!"

"దాహం లేదంటుంటే!" అని ఆమె ఫోను పెట్టేసింది.

పెట్టేసిన మరుక్షణమే మెట్ల మీద పెద్ద చప్పుడు. ఆ కంపెనీలో లిఫ్టు చెడిపోయి ఏడాది దాటింది. బాగుచేసేవాళ్లకు చెప్పామంటారు, బాగుచేసేవాళ్లు వాళ్లే. ఆ మెట్లన్నీ బాబాయ్ బొజ్జతో సహా దొర్లినట్టుగా దిగొచ్చి, ఎవరివైపూ చూడకుండా కొత్తమ్మాయి బల్ల కిందికి దూరి, కంప్యూటరు ప్లగ్గు పీకేశాడు. నిమ్మకాయ మాయమైంది. ఆమె కెవ్వుమంది. ప్లగ్గు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, ఎగశ్వాసతో ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు.

"నీళ్లు!"

అకౌంటెంటు పరిగెత్తి గ్లాసుడు తెచ్చాడు. బాబాయ్ గటగటా తాగేశాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మేనేజరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. సాయంత్రం ఇద్దర్నీ గదిలోకి పిలిపించాడు. బయట హోరున వాన.

"ఫొటో తీసే టైముకి నీ కంప్యూటరు ఎందుకు ఆగిపోయిందమ్మా?"

"ఏ ఫొటో సార్?"

మేనేజరు ఎంతో ప్రేమగా వివరించాడు. కుటుంబ భద్రత కోసం ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. అది రోజంతా అందరి స్క్రీన్లకూ ఫొటోలు తీస్తూ ఉంటుంది. ఎవరిది ఎప్పుడన్నది అదే చీటీ వేసి తేల్చి, కాస్త ముందుగా పైగదిలో తెలియజేస్తుంది. "బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుందని ఈయన దగ్గర సంతకం కూడా తీసుకున్నాం. అయినా చూడు, ఏ ఫొటో తీసినా ఇదే!"

కంప్యూటరును వాళ్లవైపు తిప్పాడు. వరసగా ఫొటోలు. అన్నీ లాక్ చేసిన స్క్రీన్లే.

కొత్తమ్మాయి వీపు జలదరించింది. ఇన్నాళ్లూ గోడకు ఆనించి కూర్చున్న వీపు! మరుక్షణం, ఇన్ని నెలలుగా హాల్లో మోగిన ఫోన్లన్నీ ఆమె చెవుల్లో ఒక్కసారిగా మోగాయి.

"ఫొటో తీసినప్పుడల్లా సీట్లో మనిషి ఉండడే! ఎక్కడికి పోతున్నారయ్యా వీళ్లంతా?"

"నీళ్లకి సార్," అన్నాడు బాబాయ్.

"అందరూనా? ఎప్పుడూనా?"

"ఎండలు సార్."

మేనేజరు కిటికీలోంచి వానను చూశాడు. తర్వాత బాబాయ్‌ని చూశాడు. "నిజం చెప్పు. వీళ్లకు ముందే చెప్పేస్తున్నావు కదూ?"

తాగించడమే తప్ప నమలడం అలవాటు లేని మనిషి, మొదటిసారి నీళ్లు నమిలాడు. కొత్తమ్మాయి ముందుకు జరిగింది.

"ఫొటోల సంగతి ఆయన మాకెవరికీ ఒక్క ముక్క చెప్పలేదు సార్. కావాలంటే హాల్లోకొచ్చి అడగండి. 'మీ అందరికీ దొంగచాటుగా ఫొటోలు తీస్తున్నాం, ఈ సంగతి మీకు తెలుసా?' అని గట్టిగా అడగండి. తెలీదనే చెబుతారు."

మేనేజరు కంప్యూటరును మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. "అదికాదమ్మా... కుటుంబమన్నాక అన్నీ అందరికీ చెప్పుకుంటామా?"

"చెప్పుకోం సార్. అందుకేగా ఇళ్లకు తలుపులు పెట్టుకునేది."

చివరికి మేనేజరు ఒక నిర్ణయానికొచ్చాడు. లోపం మనుషుల్లో లేదట, సాఫ్ట్‌వేర్‌లో ఉందట. వెంటనే ఆపేసి, బాగుచేయమని బాబాయ్‌కి అప్పగించాడు.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"చెప్పలేను సార్," అన్నాడు బాబాయ్ వినయంగా. "మన లిఫ్టు చూస్తున్నారుగా."

కొత్తమ్మాయి సంతకాలేమీ పెట్టలేదు కాబట్టి బయటికి రాగానే హాల్లో అందరికీ చెప్పేసింది. ఫోను మోగిన ప్రతిసారీ తన స్క్రీను మీద ఏముందో ఎవరికి వాళ్లు గుర్తుచేసుకుంటున్నారు. జుట్టు మొలిపించే నూనెలు చూసుకున్న అకౌంటెంటు బట్టతల తడుముకున్నాడు. వేరే కంపెనీలకు దరఖాస్తులు పంపుకున్న అమ్మకాలాయన లేచి, బాబాయ్‌కి సీసాలేమైనా కావాలేమో కనుక్కొస్తానని పైకి బయల్దేరాడు.

కొత్తమ్మాయికి పర్మనెంటు కాగితం అనుకున్నదానికంటే ముందే వచ్చింది. మేనేజరు దాన్ని చేతికిస్తూ ఆమె కళ్లలోకి చూడలేదు. ఆమె తిన్నగా మెట్లెక్కి గాజు తలుపు తట్టింది.

"బాబాయ్, ఆ రోజు నా స్క్రీను మీద ఏముందో మీకు తెలుసా?"

"నాకేం తెలుసమ్మా? తీగలు చూసుకునేవాణ్ణి. తీగల్లో ఏం పోతోందో నాకెందుకు?"

ఆమె కిందికి వచ్చి కూర్చుందో లేదో, ఫోను మోగింది.

"లే. నీళ్లు తాగిరా."

"ఇప్పుడు ఫొటోలు లేవుగా బాబాయ్! ఇంకా దేనికి?"

"ఫొటోలు ఎవడిక్కావాలి? ఇద్దరి దాహం అది, ఒక గ్లాసుతో ఏం సరిపోతుంది?"

అవతల హఠాత్తుగా మాట ఆగింది. తర్వాత గట్టిగా ఒక దగ్గు.

"ఇద్దరంటే... నువ్వూ, నీ కంప్యూటరూ. మరోలా అనుకోకు," అని ఠక్కున పెట్టేశాడు.

కొత్తమ్మాయి నవ్వాపుకుంటూ లేచింది. అలవాటు కొద్దీ స్క్రీన్ లాక్ చేసింది. వెళ్లి రెండు గ్లాసులు తాగింది.