మాటలు తక్కువ మనిషి

మా మనవరాలు కొత్తపేట లైబ్రరీ నుంచి తెచ్చిన నవల నిన్న మధ్యాహ్నానికి పూర్తిచేశాను. అందులో ఒక తండ్రి. బతికినన్నాళ్ళూ కొడుకుతో పట్టుమని పది మాటలు మాట్లాడడు. ఆయన పోయాక కొడుకు ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున తన చిన్నప్పటి చొక్కా మడత నలగకుండా ఉంటుంది. కొడుకు ఏడుస్తాడు. పుస్తకం అయిపోతుంది.

మూసి బల్ల మీద పడేశాను.

“ఎలా ఉంది తాతయ్యా?” అంది మనవరాలు. తను కాలేజీలో తెలుగు చెబుతుంది.

“చొక్కా దాకా బాగానే ఉందమ్మా.”

“చొక్కాయే కదండీ కథంతా.”

“నా గొడవ కూడా అదే.”

నాకు బడి చదువు పెద్దగా లేదు. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. పలివెల చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కి గెలలు కోసేవాడు. నేను రెండో తరగతిలో ఉండగా ఒక పొద్దున నా పలక తీసి చూరులో దోపి, చేతికి తట్ట ఇచ్చాడు. బడి మానెయ్యమనలేదు. ఎందుకో చెప్పలేదు. ఆ తట్టతో పడిన కాయలు ఏరుతూ పెరిగాను. చదవడం చర్చిలో నేర్చుకున్నాను, పాటల పుస్తకం మీద పక్కవాళ్ళ వేలు ఎటు కదిలితే అటు చూస్తూ.

అప్పటినుంచీ దొరికిందల్లా చదువుతున్నాను. ఏ కథలో చూసినా నోరు విప్పని మగవాడంటే రాసేవాళ్ళకి ఎంత జాలో. వాడి మౌనం సముద్రమంత లోతట. మా అమ్మ పొద్దస్తమానం అరిచేది, తిట్టేది, అన్నానికి పిలిస్తే పక్క వీధికి వినపడేది. ఆవిడ లోతు ఎవడూ కొలవలేదు. పోయినప్పుడు “నోరు గల మనిషి” అన్నారు, అంతే.

నాన్న పోయినప్పుడు ఇంటి దగ్గర ఆదరణ కూటం పెట్టాం. పోయినవారి గురించి నలుగురూ లేచి మంచిమాట చెప్పడం అక్కడ ఆనవాయితీ. పాస్టరు గారు లేచి, “ఆయనకి మాటలు తక్కువండీ, ప్రేమ ఎక్కువ” అన్నారు. మాట్లాడని మగవాడు ఎవడు పోయినా మా పేటలో ఇదే మాట. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. నమ్మాను కూడా. నమ్మబట్టే మర్నాడు ఆయన పెట్టె తెరిచాను.

సానరాయి, చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి వేసుకునే తాడు బందం, క్రిస్మస్‌కి కొని కట్టకుండా దాచుకున్న పంచె. వాటి కింద చెయ్యి పెట్టి మూలమూలా తడిమాను. పెట్టె అడుగు రేకే తగిలింది.

“ఏం వెతుకుతున్నావు అన్నయ్యా?” అంది చెల్లెలు గుమ్మంలోంచి.

“ఏం లేదే” అన్నాను. నిజమే చెప్పాను.

ఇదంతా మనవరాలికి చెప్పాను. తను నెమ్మదిగా అడిగింది.

“చెట్టు కింద మీరుంటే ముత్తాతగారు గెల కోసేసేవారా?”

“లేదు. నేను పక్కకి తప్పుకునేదాకా కత్తి ఆపి చూసేవాడు.”

“మరి అది ప్రేమ కాదేంటండీ?”

ఈ వయసులో అలాంటి మాట చెవిన పడితే ఒక్క క్షణం ఆశ పుడుతుంది. పుట్టింది. పైన మట్టల మధ్య ఆ మొహం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాను. అంతలోనే ఒళ్ళు మండింది. చదువుకున్న పిల్ల కదా, ఎంత నేర్పుగా మా నాన్న పెట్టెలో చొక్కా పెట్టేస్తోందో.

“కింద మేక ఉన్నా ఆపేవాడమ్మా.”

తను బల్ల మీది నవల చేతిలోకి తీసుకుంది.

“పైగా మేకనైతే, ‘హేయ్, పో’ అని ఓ మాట అనేవాడు.”

తను పక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు తనే ముందు ఆపేసింది.