వీపు తిప్పి కూర్చున్న అత్త

నా చిన్నప్పుడు మా ఇంటికి ముందు గది ఉండేది కాదు, గిర్నీ ఉండేది. వరంగల్ కోట వైపు పోయే దారిలో, ఒక సందు మలుపులో మా నాయనమ్మ నడిపిన మిరపకాయల గిర్నీ అది. ఎండాకాలం వస్తే చాలు, ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి ఆడవాళ్లు ఎండిన కాయలు తొడిమెలు తీసి సంచుల్లో మోసుకొచ్చేవారు. తుమ్మకుండా మా ఇంట్లోకి వచ్చిన చుట్టం లేడు. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు కూడా తుమ్మేవారు. గిర్నీ పిల్లనని నేను మొహమాటపడి చివరి వరుసలో కూర్చునేదాన్ని.

మా గిర్నీలో ఒక పద్ధతి ఉండేది. ఒకరి కాయలు పట్టడం అయ్యాక, ఇంకొకరివి పోసే ముందు, నాయనమ్మ తన బస్తాలోంచి ఒక గుప్పెడు కాయలు తీసి మిషన్‌లో వేసేది. లోపల అంటుకుని ఉన్న ముందువాళ్ల కారాన్ని ఆ గుప్పెడు తోసుకుని బయటికి వచ్చేది. ఆ కలిసిపోయిన కారం మా వంటింటికి. అందుకే మా కూర ఏ రోజు ఎంత మండుతుందో వండిన అమ్మకు కూడా తెలిసేది కాదు. కాయలు తెచ్చినవాళ్లు మాత్రం బెంచీ మీద కూర్చుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తమ కాయలు తమ కళ్ల ముందే పొడి కావడం చూసి తీసుకుపోయేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కిరాణా కొట్లలో కంపెనీ కారం పొట్లాలు వేలాడటం మొదలైంది. మెరిసే కవరు, దాని మీద చేతిలో గరిటెతో నవ్వుతున్న ఒక కోడలు. కారంతో పని చేస్తూ అలా నవ్విన కోడలిని నేనింతవరకూ చూడలేదు. అయినా జనం ఆ పొట్లాలే కొన్నారు. మా బెంచీ ఖాళీ అవుతూ వచ్చింది. ఆ ఏడాది నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై లోపలి గదికే పరిమితమైంది కాబట్టి గిర్నీ భారమంతా ఆమె కొడుకైన మా బాపు మీద పడింది. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు అంతే. గిర్నీ మూతపడితే ఆయనకు వేరే పని రాదు.

భయంలో ఆయనకు కంపెనీలాగా చేయాలని తోచింది. మిషన్‌కు అడ్డంగా ప్లైవుడ్ గోడ పెట్టించాడు. ముందు ఒక కౌంటర్ వేశాడు. పొద్దున సంచి ఇస్తే సాయంత్రం కారం సిద్ధం, ఎవరూ కూర్చోనక్కర్లేదు, తుమ్మనక్కర్లేదు. జనానికి నచ్చింది. కానీ ఆ గోడ వెనక ఆయన అందరి కాయలూ ఒకేసారి పోసి పట్టి, ఎవరి తూకం వాళ్లకు డబ్బాల్లో నింపేవాడు. గుప్పెడు వేసే పద్ధతి పోయింది. అది చూసి మా బాపు ఎంత తెలివైనవాడో అని నేను మురిసిపోయాను కూడా.

ఒక సాయంత్రం, కౌంటర్ దగ్గర నలుగురైదుగురు ఉండగా, వెనక సందులో ఉండే అత్త డబ్బా పట్టుకుని వచ్చింది. ఆమె భర్తకు కడుపులో పుండు. మామూలు కారం పడదని ఎర్రటి రంగే తప్ప మంట అంతగా లేని చపాట కాయలు ఏరి తెచ్చి మాకిచ్చింది. మేమిచ్చిన కారంతో వండిన కూర తిని ఆయన కడుపు పట్టుకుని మెలికలు తిరిగితే దవాఖానకు తీసుకుపోయారట. నేను ఆమె అరుస్తుందనుకున్నాను. ఆమె అరవలేదు.

"నేనే తొందరల ఎవలదో డబ్బా తీస్కపోయిన్నేమో తమ్మీ. నాది లోపలున్నదేమో జర చూడు" అంది మెల్లగా.

నలుగురిలో బాపు పరువు పోకూడదని తప్పు తన మీద వేసుకుంది. ఆ మాట పట్టుకుని బాపు బయటపడొచ్చు. ఆయన తల ఊపబోయాడు కూడా. ఇంతలో లోపలి నుంచి ఆ మాటలు విని, గోడ పట్టుకుని నాయనమ్మ బయటికి వచ్చింది. బాపు ముఖం చూసింది. ఆయన ఆగి ఉన్న మిషన్ బెల్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమెకు అంతా అర్థమైపోయింది.

"డబ్బా మారలే బిడ్డా, నీ తప్పేం లేదు. మావోడు అందరి కాయలు కలిపి పట్టిండు. మీ ఇంటాయన గోస మా వల్లనే" అంది. తరువాత మిగిలినవాళ్ల వైపు తిరిగి, "మీయి గూడ గట్లనే అయినయి. ఇష్టం లేనోళ్లు ఇంక పట్టకుండ ఉన్న మీ సంచులు మీరు తీస్కపోండ్రి" అంది.

సంచులు అందించాల్సింది నేనే. ఎప్పుడూ నా బుగ్గ గిల్లే ఒకామె ఆ రోజు నా ముఖం చూడకుండా సంచి లాక్కుంది. చెవులు కాలిపోయాయి. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ మా గడప తొక్కలేదు.

అందరూ పోయాక నాయనమ్మ బాపును తిట్టలేదు. "కంపెనోనికి ఎవల కడుపుల ఏమున్నదో తెల్వది కొడుకా. మనకు తెలుసు. గదొక్కటే వానికంటె మనకు ఎక్కువున్నది. గది గూడ నువ్వు గోడ కట్టి దాస్తివి" అంది. బాపు ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారేసరికి ప్లైవుడ్ గోడ ఊడదీసి వాకిట్లో పడేశాడు.

కొన్నాళ్లకు ఆ అత్త మళ్లీ వచ్చింది, మళ్లీ చపాట కాయలతోనే. మేము ఊహించలేదు. ఇంటాయన కోలుకున్నాడని చెప్పింది. బాపు హడావిడిగా బెంచీ మిషన్‌కు ఎదురుగా జరిపి, తుడిచి, "కూసో అక్కా, నీ కండ్ల ముందట్నే పట్టిస్త" అన్నాడు. మొదట గుప్పెడు వేశాడు. తరువాత ఆమె కాయలు పోశాడు. ఆమె బెంచీ మీద కూర్చుంది గానీ, మిషన్‌కు వీపు తిప్పి వీధి వైపు కూర్చుంది. ఎండల గురించి, పిల్లల చదువు గురించి నాయనమ్మతో ముచ్చట పెట్టింది. కారం నిండేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కావాలనే తిరగలేదని పిల్లనైన నాకే తెలిసింది. బాపు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఘాటు అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులోనే పెరిగిన మనిషి.

ఇప్పుడు ఆ గిర్నీ నేను నడుపుతున్నాను. సందు చివర పెద్ద సూపర్ మార్కెట్ వచ్చింది. ఫోన్‌లో నొక్కితే కారం పొట్లం బండి మీద గుమ్మంలోకి వస్తోంది. అది తెచ్చే కుర్రాడు నా గిర్నీ ముందు నుంచే పోతూ తుమ్ముతాడు. అయినా గ్యాస్ట్రిక్ ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, పచ్చళ్లు పెట్టేవాళ్లు ఇంకా నా దగ్గరికే వస్తున్నారు. బెంచీ మిషన్‌కు ఎదురుగానే ఉంది. కొందరు మాత్రం సంచి నా చేతిలో పెట్టి, "నువ్వు పట్టి పెట్టక్కా, నేను జర కూరగాయలు తెచ్చుకుంట" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. వాళ్ల వీపు కనిపించగానే ఇంత వయసులోనూ నా చెవులు కాలుతాయి. తలవంచుకుని బెల్టు వైపు చూస్తున్న మా బాపు నా కళ్ల ముందు నిలుస్తాడు. అప్పుడు ఒక గుప్పెడు వేయాల్సిన చోట రెండు గుప్పెళ్లు వేస్తాను.