మధ్యలో ఖాళీగా మిగిలిన తెర

ముందుగా యావత్ తెలుగుజాతికి, మరీ ముఖ్యంగా ఫ్లెక్సులు ప్రింటు చేసే సోదరులకు నా బేషరతు క్షమాపణలు. ఈ పోస్టులో మా అమ్మను, మా వీధి ఆడవాళ్లను సిగ్గు లేకుండా పొగడబోతున్నాను. మనోభావాలు దెబ్బతినేవారు కాస్త పక్కకు జరిగి కూర్చోండి... పొగడ్త మాత్రం ఆగదు.

మా చిన్నప్పుడు తిరువూరులో మధ్యాహ్నం అన్నాలు కాగానే మా వసారాలో గోనెపట్టా పరిచేవారు. దాని మీద పాత చీరలు, చిరిగిన లుంగీలు, రంగు వెలిసిన చున్నీలు గుట్టగా పడేవి. చుట్టూ వీధి ఆడవాళ్లు. మొదట్లో ఉత్త బొంతలే కుట్టేవారు... తర్వాత బొంతల మీద బొమ్మలు మొదలయ్యాయి. గుడ్డముక్కలు కత్తిరించి, పేర్చి కుడితే కోడిపుంజు లేచి నిలబడేది... మామిడిచెట్టు విరగకాసేది.

ఆ సంఘానికి ఒకటే నియమం. ఎవరి గుడ్డ వాళ్లు కుట్టుకోకూడదు. నీ చీరముక్క పక్కావిడ చేతిలో పడాలి... ఆవిడది నీ చేతిలో.

ఈ కళాసంస్థకు మా నాన్న పెట్టిన పేరు 'బొంతల బ్యాచి'.

ఆ ఏడు మా బడి వార్షికోత్సవానికి స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సు కట్టిద్దామని హెడ్మాస్టారు తల్లిదండ్రుల మీటింగులో అంటుంటే, అమ్మ లేచి, "ఫ్లెక్సు ఎందుకండీ సార్, మన ఊరి బొమ్మ తెర మీద మేం కుట్టి పెడతాం" అనేసింది. పాపం ఆయన నమ్మేశారు. అప్పటిదాకా వాళ్ల పనితనం మంచాలు దాటి బయటకు రాలేదు. ఇప్పుడు ఏకంగా ఊరి ముందుకు...

"మీ బొంత కడితే జనం నిద్రపోతారే," అన్నాడు నాన్న.

"చూద్దాం, ఎవరు నిద్రపోతారో," అంది అమ్మ.

తెల్ల గాడా గుడ్డను పట్టీలుగా కోసి పంచుకున్నారు. మామిడితోటలు సీతారావమ్మత్తయ్యకు... పుట్టిల్లు తోటల ఊరు వినగడప, అందరిలోకి పెద్దావిడ. బస్టాండు నూర్జహాన్ పిన్నికి... జాకెట్లు కుట్టే చెయ్యి. పత్తిచేలు అమ్మకు. సంత, మేకలు, ఆటోలు మిగతావాళ్లకు. ఇక నడిమి పట్టీ మిగిలింది. స్టేజీకి సరిగ్గా మధ్యలో, అందరి కళ్లూ పడే చోటు.

మర్యాద కొంప ముంచింది అక్కడే. "పెద్దవారు మీరుండగా నేనా?" అని అమ్మ దాన్ని గిన్నెడు కూరతో అత్తయ్య ఇంటికి పంపింది. "పనితనం నూర్జహాన్‌ది," అని అత్తయ్య అటు పంపింది. పిన్ని ఇంకొకరికి... వాళ్లు మరొకరికి. వచ్చిన గిన్నె ఖాళీగా పంపకూడదు కాబట్టి, మడతపెట్టిన ఆ పట్టీ ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒక గిన్నెతో పాటు బయల్దేరేది. ఓ ఇంటి నుంచి సేమ్యా, ఓ ఇంటి నుంచి గారెలు. చివరికి పులిహోరతో మా ఇల్లు చేరింది. ఎవరో కుట్టేసి పంపారనుకుని, అమ్మ విప్పకుండానే ట్రంకు పెట్టెలో పెట్టింది.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం అన్నీ కలిపి కుడదామని విప్పితే... నడిమి పట్టీ తెల్లగా ఉంది. దాని మీద ఉన్నదల్లా ఒక్క పులిహోర మరక.

"ఇదేంటి వదినా, బోసిగా ఉంది?" అంది అమ్మ అత్తయ్యతో.

"అదేంటి నూర్జహాన్, నువ్వు కుట్టలేదా?"

"యా అల్లా... మీరందరూ ఉండగా నడిమధ్యలో నేనెట్టా కుడతానండీ?"

అమ్మ ఆ మరకను గోటితో గీకింది. "సాయంత్రం ఊరంతా వస్తుంది. సార్‌కి నా మొహం ఎట్టా చూపించను?"

సరిగ్గా అప్పుడే నాన్న గుమ్మంలోంచి తొంగిచూశాడు. "పోనీ, ఫ్లెక్సు వాడికి ఫోన్ చెయ్యనా?"

"నువ్వు మంచినీళ్లు తాగి బయటికెళ్లు నాయనా," అంది అత్తయ్య. తర్వాత ఆ తెల్లగుడ్డను ఒళ్లోకి లాక్కుంది. "ఊళ్లో ఉన్నవన్నీ కుట్టాం. చెట్లు, బస్సులు, ఆఖరికి మేకలు కూడా. మరి మనమెక్కడే?"

కత్తెర తీసుకుని తను కట్టుకున్న ఆకుపచ్చ చీర చెంగు కోసి, పిన్ని చేతిలో పెట్టింది. అమ్మ తన నీలం చెంగు... పిన్ని తన గులాబీ చున్నీ... అలా అందరూ.

"వదినా, నన్ను కాస్త సన్నగా కుట్టండి," అంది అమ్మ.

"ఉన్నంత కుడతాను. నా సూదికి అబద్ధాలు రావమ్మా," అంది అత్తయ్య.

ఆ సాయంత్రం తెర లేచింది. చుట్టూ తిరువూరు... నడిమధ్యన గుండ్రంగా కూర్చుని కుట్టుకుంటున్న ఆడవాళ్లు. పులిహోర మరక వాళ్ల మధ్య పళ్లెమై కూర్చుంది. పిల్లలు "అది మా అమ్మ చీర!" అని అరుపులు. ముందు వరసలో నాన్న, పక్కాయన భుజం తట్టి మరీ చెబుతున్నాడు... "ఆ నీలం చీర మా ఆవిడేనండి!"

ఇప్పుడు బొంతల బ్యాచికి ఓ గది ఉంది, బోర్డు ఉంది. బెజవాడ పెళ్లి మండపాల్లో వాళ్ల తెరలు కడుతున్నారు. మూటలు బస్సెక్కించేది స్వయంగా మా నాన్నే. సీతారావమ్మత్తయ్య లేదు... ఆకుపచ్చ చెంగు ఆ తెర మీద అలాగే ఉంది. ఎవరేం కుట్టాలో ఇప్పుడు ఫోన్‌లోనే పంచుకుంటారు. పొరపాట్లు జరగడం లేదు... గిన్నెలూ రావడం లేదు.

మీ ఇంటి బొంతలో ఎవరి చీర ఉందో ఓసారి విప్పి చూసి చెప్పండి.

చివరగా ఓ ఒప్పుకోలు. ఆ తెరకు నేనూ పనిచేశానని కాలేజీలో అందరికీ చెప్పుకుని తిరిగాను. సూదుల్లో దారం ఎక్కించమని నన్ను కూర్చోబెట్టిన మాట వాస్తవం. తెర మీద అమ్మ పక్కన నా ఖాకీ నిక్కరు ముక్క ఉన్న మాటా వాస్తవం. కాకపోతే ఆ ముక్క అడ్డంగా పడుకుని ఉంటుంది, నోరు తెరుచుకుని. వాళ్ల సూదులకు అబద్ధాలు రావు కదా... బొంత చూసి జనం నిద్రపోతారన్న నాన్న జోస్యం ఫలించింది నా ఒక్కడి విషయంలోనే.